ఇరవై మూడో సవరణ

అమెరికా రాజ్యాంగాన్ని రెండు వందల ముప్పై ఏళ్లకు పైగా వాడుతున్నారు. ఇంతవరకూ దానికి జరిగిన సవరణలు ఇరవై ఏడు. మిషిగన్ రాష్ట్రం, బే సిటీ వాస్తవ్యుడు డెల్బర్ట్ ష్రోడర్ గారి కారుకు ఒక్క వేసవిలోనే ఇరవై మూడు జరిగాయి. దేశాన్ని నడపడం కన్నా కారును నడపడం ఎంత గహనమైన వ్యవహారమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

నిజానికి ఆ కారు ఏప్రిల్‌లో షోరూము నుంచి వచ్చిన రోజునే శుభ్రంగా నడిచింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎనిమిది సిలిండర్లు, నాలుగు వందల అరవై గుర్రాల బలం, నారింజ రంగు ఒళ్లు, బానెట్ మీద రెండు నల్ల చారలు. మీట నొక్కితే వీధి చివరి కుక్కలు కూడా లేచి కూర్చునేవి. కొన్న మూడో రోజున పక్కింటి విర్జిల్ నొవాక్ కంచె మీద మోచేతులు ఆనించి ఒక ప్రశ్న వేశాడు.

"ఏరా డెల్, ట్యూన్ ఎవరిది పెట్టించావ్?"

"ఎవరిదీ లేదు. కంపెనీదే."

"కంపెనీదా!" విర్జిల్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "సర్లే. నేను ఎవరికీ చెప్పన్లే. నువ్వూ ఎక్కడా అనకు."

ట్యూన్ అంటే ఇంజను బుర్రలో ఉండే లెక్క. ఎంత పెట్రోలు పోయాలి, ఏ క్షణాన నిప్పు ముట్టించాలి అన్నది అదే చెబుతుంది. కంపెనీలో మూడు వందల మంది ఇంజనీర్లు నాలుగేళ్లు కూర్చుని ఆ లెక్క రాశారు. బండి పదిహేనేళ్లు మన్నాలన్న పిరికితనం కొద్దీ వాళ్లు అందులో నలభై గుర్రాలను కట్టేసి ఉంచారు. ఆ మూగజీవాలను విడిపించే పుణ్యాత్ములు దేశమంతటా ఉన్నారు. (రుసుము ముందే చెల్లించాలి.) డెల్బర్ట్ ఊరి నీటి సరఫరా ఆఫీసులో మీటర్ల తనిఖీదారు. ఇంటి నుంచి ఆఫీసు మూడు మైళ్లు. దారి పొడవునా గంటకు పాతిక మైళ్లు దాటరాదు. ఆ పనికి నాలుగు వందల అరవై గుర్రాలు ఏ మూలకూ చాలవని ఎవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ లొరెట్టా గురించి చెప్పాలి. ఆవిడ డెల్బర్ట్ భార్య. పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల వెనక కూర్చుని ఇరవై రెండేళ్లుగా జనం చేత బీమా ఫారాలు నింపిస్తోంది. ముప్పై ఏళ్ల కిందట, పెళ్లయిన మూడో రోజున, ఉత్తరాన సరస్సుల మీదున్న మాకినా వంతెన దాటి అవతలి గట్టున నాలుగు రోజులు గడుపుదామని ఇద్దరూ బయల్దేరారు. వంతెన కనుచూపు మేరలోకి వచ్చేసరికి అప్పటి కారు పొగలు కక్కి కూలబడింది. లారీ వాడు ఈడ్చుకొచ్చి ఇంటి ముందు పడేశాడు. ఆ తర్వాత పిల్లలు, ఉద్యోగాలు, మోకాళ్ల నొప్పులు. వంతెన అక్కడే ఉండిపోయింది. ఈ కారు కొన్నదే దాని కోసం. సెప్టెంబరు పద్నాలుగున ముప్పయ్యో పెళ్లిరోజు. అవతలి గట్టున సరస్సు కనబడే గది ఒకటి లొరెట్టా మార్చిలోనే మాట్లాడి పెట్టింది.

"ఈసారైనా దాటిస్తావా డెల్?"

"దాటించడమేంటే పిచ్చిదానా, ఎగిరిస్తా! ముందు ట్యూన్ సంగతి తేలనీ."

తేల్చుకోవడానికి అతను ఇంటర్నెట్‌లో జిల్లా వి-ఎయిట్ (అంటే ఎనిమిది సిలిండర్ల బండ్ల) యజమానుల చర్చావేదికలో చేరాడు. దాని అధ్యక్షుడు ఆర్లో పీట్స్, స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. నాలుగో నిబంధన ప్రకారం కొత్త సభ్యుడు ఏదైనా అడిగే ముందు ఆరు వందల పదకొండు పేజీల పాత చర్చ చదవాలి. ఐదో నిబంధన ప్రకారం అతని ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. అది ఏ పేజీలో ఉందో చెప్పినవాణ్ణి ఆరో నిబంధన కింద వెలివేస్తారు. డెల్బర్ట్ మే నెలంతా చదివాడు. ఫలానా ట్యూనే అసలైనదని సగం మంది, దాంతో ఇంజను పేలిపోతుందని సగం మంది తేల్చారు. రెండు పక్షాల్లోనూ ఉన్నవారు పద్నాలుగు మంది. వారిని నిపుణులంటారు.

చివరికి జూన్ మొదట్లో అరిజోనాలోని గ్రే మ్యూల్ అనే సంస్థను ఎంచుకున్నాడు. దాని అధిపతి డెక్స్‌టర్ క్వాల్స్. ఆయన్ను కళ్లతో చూసినవారు లేరు. పద్ధతి మాత్రం తేలిక. ఆయన ఒక ఫైలు పంపుతాడు. మనం దాన్ని ల్యాప్‌టాప్‌తో బండిలోకి ఎక్కించి, చదునైన రోడ్డు మీద, మూడో గేరులో, కాలు నేలకంటా తొక్కి, ఇంజను పాడిన పాటంతా రికార్డు చేసి పంపాలి. దాన్ని లాగ్ అంటారు. లాగ్ చూసి ఆయన ఇంకో ఫైలు పంపుతాడు. దాన్ని సవరణ అంటారు. రికార్డు తీసేటప్పుడు చట్టాన్ని పాటించారా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. దాని ఎదుట రెండు జవాబులు: అవును, అవును.

రెండో లాగ్ తీసే రోజున లొరెట్టా కూడా వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, జుట్టుకు రుమాలు కట్టుకుని ముచ్చటగా కూర్చుంది. బీటు దుంపల చేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. డెల్బర్ట్ కాలు అదిమాడు. బండి హూంకరించి దూకింది.

"డెల్! జింక! అయ్యో జింక!"

జింక తాపీగా రోడ్డు దాటి, వెనక్కి తిరిగి వీళ్లను ఒకసారి చూసి, చేలోకి పోయింది. లొరెట్టా పగలబడి నవ్వింది. డెల్బర్టూ నవ్వాడు. ఆ వేసవిలో ఇద్దరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

రెండు రోజులకు అరిజోనా నుంచి తాఖీదు వచ్చింది. "ఇంజను నిమిషానికి నాలుగు వేల రెండు వందల చుట్లు తిరుగుచుండగా సున్నా పాయింట్ నాలుగు సెకన్లు కాలు లేచినది. కారణం తెలుపుడు: (అ) యంత్రలోపం (ఆ) పోలీసు (ఇ) పిరికితనం." జింకకు గడి లేదు. డెల్బర్ట్ చాలాసేపు ఆలోచించి (ఇ) మీద టిక్కు పెట్టి, కింద చిన్న అక్షరాలతో "భార్య కేక వేసింది" అని రాశాడు.

అంతే. ఆ రోజు నుంచి గ్రే మ్యూల్ వారి తొమ్మిదో నియమం అమల్లోకి వచ్చింది: తుది సవరణ వెలువడేవరకూ బండిలో డ్రైవరు తప్ప మాట్లాడగల ప్రాణి ఉండరాదు. ఖాళీ అయిన సీట్లో ల్యాప్‌టాప్ పెట్టాడు. ఏ బరువు పెట్టినా బెల్టు పెట్టమని బండి కీచుమంటుంది కనక, దానికి బెల్టు కూడా పెట్టాడు.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమంటే ఇదేరా," అన్నాడు విర్జిల్ కంచె అవతల నుంచి. "అదీ పెళ్లాన్ని దింపేసి మరీ!"

"నీకేం తెలుసురా, ఇవాళ పదకొండో సవరణ. ఇంకొక్కటంటే ఒక్కటి."

"నా కారుకీ అదే మాట అన్నార్రా. అప్పుడు నాకు జుట్టుండేది."

జూలై అయిపోయింది. గుంతల కుదుపును ఇంజను జబ్బుగా పొరబడి ఐదు సవరణలు పోయాయి. (మిషిగన్‌లో గుంతలు లేని రోడ్డు కావాలంటే విమానాశ్రయానికి దరఖాస్తు పెట్టాలి.) ఆగస్టులో మరో సంగతి బయటపడింది. ఈ ట్యూన్ తొంభై మూడో రకం పెట్రోలుకు రాసింది. వంతెన అవతల లొరెట్టా గది తీసుకున్న ఊళ్లో తొంభై ఒకటి తప్ప దొరకదు. కాబట్టి వంతెనకు ఇవతల ఒక ఫైలు, అవతల ఒక ఫైలు కావాలి. వంతెన మధ్యలో ఏది వర్తిస్తుందన్న దానిపై చర్చావేదికలో ముప్పై పేజీలు నడిచాయి.

లొరెట్టా అరవలేదు, అలగలేదు. ఫారాలతో బతికిన మనిషి కదా, నేరుగా గ్రే మ్యూల్‌కే దరఖాస్తు పెట్టుకుంది. పేరు, వయసు, బరువు నూట ముప్పై ఎనిమిది పౌండ్లు, కోరిక: సొంత భర్త పక్కన కూర్చోవడం. అదనపు బరువుల విభాగం అధికారిణి ప్రిసిల్లా థోర్న్ తొమ్మిది రోజుల్లో బదులిచ్చింది. "మీ బరువు సూత్రప్రాయంగా ఆమోదించబడినది. తుది సవరణ పిదప మీరు కూర్చొనవచ్చును." తుది సవరణ ఏదని లొరెట్టా మళ్లీ అడిగింది. "దేని తర్వాత సవరణ ఉండదో అదే తుది సవరణ" అని జవాబొచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి వంటింటి డ్రాయరులో పెట్టుకుంది. డ్రాయరును చప్పుడయ్యేలా మూసింది.

సెప్టెంబరు పద్నాలుగు ఉదయం ఎనిమిదింటికి పెట్టె పట్టుకుని బయటికొచ్చింది. జుట్టుకు అదే రుమాలు. డెల్బర్ట్ కారు తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

"లొరెట్టా, ఇరవై మూడోది వచ్చిందే! ఇదే ఆఖరు, డెక్స్‌టరే స్వయంగా రాశాడు. పదింటి దాకా ఇంజనుకు కావాల్సిన చల్లగాలి ఉంటుంది. ఒక్క గంట. లాగ్ తీసుకొచ్చేస్తా, వెంటనే బయల్దేరదాం."

"ఎప్పట్నుంచి డెల్, ఈ ఒక్క గంట?"

"ఇంత చేసి ఇప్పుడు ఆపమంటావా? మనకోసమే కదే!"

ఆవిడ కారులోకి తొంగి చూసింది. బెల్టు పెట్టుకున్న ల్యాప్‌టాప్ పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుని ఉంది.

"ఆవిణ్ణి జాగ్రత్తగా తీసుకెళ్లు," అంది. పెట్టెను తన పాత వ్యానులో వేసుకుని, తనే నడుపుకుంటూ వెళ్లిపోయింది. వీధి మలుపులో వ్యాను బ్రేకు దీపాలు కాసేపు వెలిగి ఆరిపోయాయి. బహుశా ఇతను వస్తాడేమోనని ఆవిడ ఆగి చూసింది. డెల్బర్ట్ రెండడుగులు ముందుకు వేశాడు. వెంటపడదామనే అనుకున్నాడు. కానీ గాలి అరవై ఆరు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర చల్లగా ఉంది, మళ్లీ అలాంటి గాలి ఎప్పుడు దొరుకుతుందో తెలీదు.

లాగ్ తీశాడు. జింక రాలేదు. ఎవరూ కేక వెయ్యలేదు. పంపేసి గరాజులో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఫోను మోగింది.

"దాటేశాను డెల్." వెనక గాలి హోరు. "నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయో తెలుసా? మధ్యలో భయమేసింది, నవ్వూ వచ్చింది. పక్కన ఎవరైనా ఉంటే బావుణ్ణనిపించింది."

"రేపు... రేపొచ్చేస్తా లొరెట్టా. ఆమోదం రాగానే."

"వద్దులే. గది మీ ఒక్కరికే ఇంకో రెండు వారాలు ఉంచమంటారా అని ఇక్కడివాళ్లు అడిగారు. ఉంచమన్నాను."

ఫోను పెట్టేసింది. డెల్బర్ట్ నారింజ రంగు బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది. నాలుగింటికి అరిజోనా నుంచి డెక్స్‌టర్ క్వాల్స్ స్వహస్తాలతో రాసిన జవాబు వచ్చింది.

"శ్రీ ష్రోడర్ గారికి అభినందనలు. మా సంస్థ చరిత్రలో ఇంత నిశ్శబ్దమైన, ఏ ఆటంకమూ లేని లాగ్ చూడలేదు. ఇదే తుది సవరణ. ప్రస్తుతం మీ బండిలో ఉన్న పరిస్థితిని దయచేసి ఎన్నటికీ మార్చవద్దు."