పోశవ్వ కాళ్లు పట్టని జూమ్ లెన్స్

చాలా ఏళ్లుగా నాకొక సందేహం. గుడిలో గర్భాలయం గడప పట్టుకొని నిలబడ్డవాడికీ, వెనక జనం భుజాల మీదుగా మునివేళ్ల మీద లేచి చూసినవాడికీ దేవుడు ఒకే పుణ్యం ఇస్తాడా? బాసరకు పోయినప్పుడల్లా పూజారిగారిని అడగాలనుకుంటాను. నోరు తెరిచేలోపల వెనకవాళ్లు నన్ను బయటికి నెట్టేస్తారు.

ఇప్పుడు అడగక్కరలేదు. నా దగ్గర జూమ్ లెన్స్ ఉంది!

పాఠకులారా, ఎవరి దగ్గరికీ పోకుండా అందరినీ చూడగలిగే భాగ్యం మన తాతలకు లేదు. ఈ 1966లో మనకు దక్కింది. ఈ అద్దమంత మహోపకారి మరొకటి లేదని మీకు నిరూపిస్తాను. మా మిల్లులో పత్తి ఏరే పోశవ్వ ఒక్కతే ఈ మాట ఒప్పుకోదు. ఆమెకు నేను ఆరేళ్లపాటు ఒక ఫోటో బాకీ ఉన్నాను. కనుక ఆమె మాటలో కొంత పక్షపాతం ఉంటుంది.

నేను భైంసాలో ఒక జిన్నింగు మిల్లు గుమాస్తాను. మిల్లులో వాటాదారు జలపతిరావు దొర బొంబాయి నుంచి ఒక కెమెరా, దానికి రెండు లెన్సులు తెచ్చారు. ఒకటి సున్నం డబ్బీ అంత. రెండోది రోకలిబండంత. నెల తిరక్కుండా ఆయనకు మోజు తీరింది. దసరా నాడు నన్ను పిలిచారు.

"లింగమూర్తీ, కెమెరా నువ్వు ఉంచుకో. లెన్సు మాత్రం ఒక్కటే ఇస్త. ఏది గావాల్నో చెప్పు."

"రెండిటికి ఫరక్ ఏంది దొరా?"

"చిన్నదానికైతే నువ్వే మనిషి దగ్గరికి పోవాలె. పెద్దదానికి మనిషే నీ దగ్గరికి వస్తడు. ఉన్నకాడ కూసొని గిట్ల తిప్పుడే! పెండ్లికి, పులికి, పావురానికి అన్నిటికి గదొక్కటే సాలు."

పదిహేను రోజులు ఆలోచించాను. పంచాంగం చూశాను. మా ఆవిడ అనసూర్యను అడిగాను.

"ఇగో, అన్నిటికి ఒక్కటే అంటే ఎట్ల? ఇంట్ల ఒక్కటే చెంబు వెట్టుకొని, దాంతోనే తానం జేసి, దాంట్లనే పప్పు ఉడకవెడ్తనా?" అంది.

ఆడవాళ్లకు విజ్ఞానం మీద నమ్మకం తక్కువ. నేను నిర్మల్‌లోని ఫోటో స్టూడియోను తలచుకున్నాను. అక్కడ ఒకే ఒక నల్లకోటు ఉంది. బక్కవాడు తొడిగితే వెనక చిమ్టాలు పెట్టి బిగిస్తారు. లావువాడు తొడిగితే వెనక కుట్టు విప్పుతారు. తాలూకా మొత్తం ఆ కోటులోనే ఫోటో దిగింది! వియ్యంకులిద్దరూ ఒకే కోటులో ఉన్న ఫోటోలు వేలాడే గోడలు నేను ఎన్నో చూశాను. అందరికీ ఒక కోటు చాలినప్పుడు అన్నిటికీ ఒక లెన్స్ చాలదా?

రోకలిబండే ఎంచుకున్నాను.

ఆనాటి నుంచి నా జీవితం ఎంత సుఖంగా ఉందో ఏమని చెప్పను! వీధి చివర చుట్టం కనబడగానే ముఖం పోల్చుకుంటాను. ఆయన మా ఇంటికి చేరేసరికి నేను పెరటి దారిన మిల్లులో ఉంటాను. ఒక పెళ్లికి మూడిళ్ల అవతల మిద్దె ఎక్కి పుస్తె కట్టే ఘట్టం తీశాను. ఫోటో కడిగి చూస్తే పురోహితుడి చెవి వచ్చింది. చెవి తప్ప మరేమీ రాలేదు. అంత స్పష్టమైన చెవి జిల్లాలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆయన దానికి అద్దం కట్టించుకున్నారు.

దొరగారితో ఉట్నూర్ అడవికి జీపులో పోయినప్పుడు లోయ అవతల పులిని చూసి రీలంతా ఖర్చు చేశాను. కడిగితే ఎవరో ఆరేసుకున్న చారల రగ్గు. అయితేనేమి? మేము పడ్డ భయం అసలైనదే కదా!

అన్నిటికంటే గొప్ప సౌకర్యం పరామర్శ. తెలిసినవాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే నేను రోడ్డు అవతలే నిలబడి, లెన్సులోంచి వాళ్ల కన్నీళ్లు ఒక్కొక్కటే చూసి, నావి కూడా తుడుచుకొని వచ్చేస్తాను. ముట్టుకున్నది లేదు, మైల లేదు, తలస్నానం లేదు! మా ఇంట్లో దేవుడి దీపం కొండెక్కకుండా ఇంత దుఃఖం పంచుకున్నవాడు ఇంకెవడున్నాడు?

దీనికి లోపం ఒకటే. పదిహేనడుగుల లోపల ఉన్నదేదీ దీనికి కనబడదు. అంతా మబ్బు. కానీ అంత దగ్గరలో మనం చూడవలసింది ఏముంటుంది?

పోశవ్వ ఉంది.

ఆరేళ్ల కిందట నా దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. పత్తి కుప్ప ముందు ఆమెను నిలబెట్టి ఒక పూటంతా ఎండలో ఉంచి ఫోటో తీశాను. రీలుకు వెలుతురు తగిలి పాడైంది. ఆ మాట చెప్పలేక "కడిగిస్తున్న పోశవ్వా, కడిగిస్తున్న" అని ఆరేళ్లు గడిపాను. అంతసేపు కడిగితే మనిషి రంగు కూడా పోతుంది.

మొన్న మాఘమాసంలో ఆమె కాళ్లు వాచాయి. పెళ్లినాడు తొడిగిన వెండి కడియాలు కండలోకి దిగాయి. వెండి పని చేసే అవుసలి నాగయ్య గురువారం వచ్చి కోసి తీస్తానన్నాడు. ఆమె కబురు పంపింది: "కోసేలోపట ఒక్క ఫోటో. నెత్తి నుంచి కడియాల దాక."

మా దగ్గర ఫోటో అంటే అంతే. పాదాలు రాకపోతే అది ఫోటోయే కాదు.

సోమవారం వాళ్ల వాడకు పోయాను. ఆమె ఇంటి లోపలి వసారాలో నులక మంచం మీద ఉంది. నేను ఎదురింటి హనుమండ్లు మిద్దె ఎక్కి లెన్స్ తిప్పాను. ముఖం చక్కగా వచ్చింది. నడుము వచ్చింది. కిందంతా ప్రహరీగోడ.

"జర పైకి లేవు పోశవ్వా!" అని అరిచాను.

"లేస్తే నిన్నెందుకు పిలుస్తనయ్యా!" అని ఆమె లోపలి నుంచి అరిచింది.

మంచంతో సహా బయటికి తెద్దామన్నాను. మంచం లోపలే అల్లారట, వాకిలిలోంచి పట్టదు. హనుమండ్లు తల గోక్కున్నాడు. "గోడ రెండు మూరలు దించుదమా సాబ్?"

పక్కింటి బుచ్చవ్వ కిందినుంచి నన్ను చూసి, "మిద్దె మీద కొంగ వాలింది సూడుండ్రి! గింత మెడ సాగదీసినా దానికి ముసలిదాని కాళ్లు దొరుకుత లేవు," అంది.

"గోడ ఎందుకు గూలగొట్టుడు?" అంది పోశవ్వ. "అయ్యా, గడప దాటి జర లోపలికి రారాదు?"

కెమెరా నా చేతిలో ఉన్నా ఫోటో నాదే తీస్తున్నట్టు వాడంతా నా వైపు చూసింది.

"లోపల వెలుతురు లేదు కదా," అన్నాను.

"పైన గూన తీసేస్త!" అన్నాడు హనుమండ్లు. వాడు అప్పటికే నిచ్చెన మోస్తున్నాడు. "పది పెంకలు తీస్తే సూర్యుడే లోపలికొస్తడు. మీరెందుకు రారు?"

పాఠకులారా, నేను రెండు పూటలా పూజ చేసుకునేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా ఆమె ఏరిన పత్తిని లెక్క రాసుకున్నాను గానీ ఆ గడప ఎన్నడూ దాటలేదు. ఎందుకని మీరు అడగరు, నేను చెప్పను. మనలో మనకు ఇలాంటి విషయాలలో మంచి ఒప్పందం ఉంది. ఆ ఒప్పందానికి తగిన అద్దాన్నే నేను పదిహేను రోజులు ఆలోచించి ఎంచుకున్నాను.

దొరగారి దగ్గరికి పోయి చిన్న లెన్స్ అడిగాను.

"ఏం, పెద్దది ఖరాబైందా?"

"లేదు దొరా. మంచిగ పనిచేస్తుంది. అందుకే వద్దు."

బుధవారం మధ్యాహ్నం, ఆ చిన్నది బిగించుకొని, తల వంచి, పోశవ్వ వాకిలి దాటాను. లోపల ఆవు పేడతో అలికిన నేల. మా ఇంట్లోలాగే. కప్పులోని కంతలోంచి ఎండ సరిగ్గా మంచం మీద పడుతోంది. కడియాలు కనబడాలంటే నేను నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాను.

"అయ్యో, నా కాళ్లకాడ కూసుంటవా? నాకు పాపం తగుల్తది!"

"తగలదు. కదలకు," అన్నాను. ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

ఆమె చీర అంచు చీలమండల పైకి లాగి, మేడమీది దొరసానిలా చూసింది. ఆరడుగుల దూరం. ఒక్క నొక్కు. ఆరేళ్ల పనికి అంతసేపే పట్టింది!

గురువారం నాగయ్య వచ్చి కడియాలు కోశాడు. ఆ పై వారం ఫోటో తీసుకొని నేనే పోయాను. హనుమండ్లు కప్పు మళ్లీ నేసినట్టున్నాడు, లోపల చీకటి. అయినా పోశవ్వ ఫోటోను ముందు కిందినుంచి చూసింది. రెండు కడియాలూ వేలితో తడిమింది. తరువాత కొంగు, చేతులు, చివరికి ముఖం.

"అన్ని ఉన్నయ్," అంది. ఫోటోను ఇంత దూదిలో చుట్టి దిండు కింద పెట్టుకుంది. "పో అయ్యా. ఇగ నువ్వు నాకేం బాకీ లేవు."