ఉచిత సామ్రాజ్యంలో మంత్రి

కంప్యూటర్ ఆటని ఫోనులోకి మార్చినప్పుడు అందులో ఏవేవి తగ్గిపోతాయో, ఆ ఆట ఆడేవాళ్ల ఇంట్లో కూడా అవే తగ్గిపోతాయన్న నిబంధన అమల్లోకి వచ్చి చాలాకాలమైంది గనక, భీమవరంలో బొండాడ ఫణీంద్ర ఇంటికి ఉత్తరం గోడ లేకుండా పోయినప్పుడు వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆటలోని పటం ఫోను తెరమీద పూర్తిగా పట్టలేదు, ఉత్తరం వైపు కొంత కోసేశారు, అంతే. ఎదురింటివాళ్లు "ఏ ఆటండి?" అని అడిగి, పేరు విని, తలాడించి లోపలికి వెళ్లిపోయారు. వాళ్లకి అప్పటికే మేడమెట్లు లేవు. ఈ కథ చెబుతున్నవాడి ఇంటికి వీధివైపు కిటికీలు లేవు. అయినా తను ఆడే ఆట భలే ఉందని పదిమందికి చెప్పాడు.

ఫణీంద్ర మున్సిపాలిటీలో నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో ఆయన మాట కుళాయి కూడా వినదు. కానీ 'నాలుగు దిక్కులు' అనే కంప్యూటర్ ఆటలో ఆయన చక్రవర్తి. ఆదివారం భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసేవారు. సైన్యం ఆయనది. సంధులు, రాయబారాలు, ధాన్యపు లెక్కలు ఆయన భార్య శ్యామలవి. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఫణీంద్ర ఎవడు కనిపిస్తే వాడిమీద దండెత్తేవాడు, శ్యామల వెనకనుంచి వాళ్లకి కానుకలు పంపి ఊరుకోబెట్టేది. ఆయన ఒక్కడే ఆడితే సామ్రాజ్యం సాయంత్రం టీ దాకా కూడా నిలవదని ఇద్దరికీ తెలుసు.

సంసారం కూడా అక్కడినుంచే నడిచేది. "ప్రభూ, తూర్పు సరిహద్దులో మీ చెల్లెలు గారు అలిగి ఉన్నారు. పట్టుచీర ఒకటి పంపితే సంధి కుదురుతుంది" అనేది శ్యామల, తెరమీంచి చూపు తిప్పకుండా. "పంపించండి మంత్రిగారూ" అనేవాడు ఫణీంద్ర. ఇదే సంగతి వంటింట్లో నిలబడి మాట్లాడుకుంటే పొద్దుపోయేదాకా గొడవ జరిగేది. స్థలం అమ్మాలా వద్దా, పిల్లాణ్ణి ఏ కాలేజీలో వెయ్యాలి, ఆయనకి బీపీ మాత్రలు ఎందుకు మొదలుపెట్టాలి, అన్నీ ఆ రెండు కుర్చీల్లోనే తేలాయి. పిల్లాడు హాస్టల్‌కి వెళ్లాక కూడా ఆదివారాలు అలాగే సాగాయి.

కంప్యూటర్ ఒకరోజు పొగ వదిలి ఊరుకుంది. బాగుచేసేవాడు విప్పి చూసి, ఇలాంటివి ఇప్పుడు చెయ్యడం లేదండీ అని మూత బిగించేశాడు. ఆట ఫోనులో దొరుకుతోందని, అదీ రెండు రకాలుగా దొరుకుతోందని తెలిసింది. ఒకటి తొమ్మిదొందల రూపాయలది. చేసినవాళ్లెవరో శ్రద్ధగా చేశారు. పటం మొత్తం ఉంది, అక్షరాలు కళ్లకి ఆనేలా ఉన్నాయి, వేలు పెట్టిన చోటే పని జరుగుతోంది. ఒక్కసారి కొంటే మళ్లీ ఎవరూ ఏమీ అడగరు. రెండోది ఉచితం.

"డబ్బు పెట్టేదే కొనండి. అందులో ఏదీ తియ్యలేదు" అంది శ్యామల.

"ఫోన్లో ఆటకి తొమ్మిదొందలా?" అన్నాడు ఫణీంద్ర. ఆయన లెక్క ఆయనకుంది. కంప్యూటర్ బల్లంత ఉంటుంది కాబట్టి దానికి పెట్టొచ్చు. ఫోను అరచేయంత ఉంటుంది కాబట్టి అందులో ఆట కూడా అరచేయంత ధరకే రావాలి. అంతకుముందు వారమే చుట్టాలొస్తే ఇంతకంటే ఎక్కువ పోసి బిర్యానీ తెప్పించి, సగం పారబోశారు. ఆ సంగతి శ్యామల ఎత్తలేదు. మనలో ఎవరింట్లోనూ ఎత్తరు.

అయినా ఒకసారి అడిగి చూద్దామని, ఫోనులోకి మార్చిన ఆటల వ్యవహారం చూసే మార్పిళ్ల కార్యాలయానికి ఆయన వెళ్లాడు. అది పాత తాలూకాఫీసు వెనక ఉంటుంది. సూపరింటెండెంటు దాట్ల విజయగోపాలరాజు గారు ఏది అడిగినా విసుక్కోకుండా చెబుతారని పేరు.

"లాస్టు ఎంతకిస్తారండి?" అన్నాడు ఫణీంద్ర.

"తొమ్మిదొందలేనండి. ఒకటే రేటండి."

"మేం పాతవాళ్లమండి. కంప్యూటర్లో ఎప్పణ్ణుంచో ఆడుతున్నాం."

"అందరూ పాతవాళ్లేనండి. కొత్తవాళ్లు ఈ ఆట ముట్టుకోరండి."

"పోనీ, ఆషాఢంలో తగ్గిస్తారా?"

రాజు గారు ఆలోచించారు. "బట్టలకి తగ్గిస్తారండి. ఆటల సంగతి నాకు తెలీదండి."

తెలీదన్న మాట ఫణీంద్రకి తగ్గిస్తారన్నట్టే వినిపించింది. మనకి ఏ దుకాణంలో ఏ మాటన్నా అలాగే వినిపిస్తుంది. ఆషాఢం దాకా ఆగి సగం ధరకి అసలుది కొందాం, ఈలోపు ఉచితందానితో సరిపెట్టుకుందాం అని నిశ్చయించుకుని, వీధి మలుపు తిరిగేలోపే దాన్ని ఫోనులోకి దించుకున్నాడు. ఇంటికి చేరేసరికి ఉత్తరం గోడ పోయింది.

మిగతావి నెమ్మదిగా తగ్గాయి. తెరమీద అక్షరాలు చీమతలంత ఉండడంతో ఇంట్లో పేపరు, బియ్యం బస్తామీద పేరు, బీపీ మాత్రల అట్ట అన్నీ అదే సైజుకి వచ్చాయి. బొటనవేలు సగం పటాన్ని కప్పేస్తుంది కాబట్టి భోజనాల బల్లకి ఒక పక్క ఎప్పుడూ నీడగా ఉండేది. అక్కడ కూర ఏదో, పచ్చడి ఏదో ముట్టుకుంటేగాని తెలిసేది కాదు. ఆటలో కోట కట్టడానికి పట్టినంతసేపూ కుక్కర్లో అన్నం ఉడకడానికి పట్టేది. త్వరగా కావాలంటే రత్నాలు కొనాలి, లేదా ప్రకటన చూడాలి. ప్రకటన చూస్తాననగానే మోకాళ్ల నూనె మనిషి గోడ లేని వైపునుంచి వచ్చి, హాలు మధ్యలో నిలబడి, తన మోకాళ్ల పూర్వస్థితి గురించి వివరంగా చెప్పి వెళ్లేవాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచేవాడు.

ఫణీంద్ర వీటన్నిటికీ గర్వపడ్డాడు. ఆఫీసులో కనిపించినవాడికల్లా "పైసా పెట్టలేదండి" అని చెప్పాడు.

ఒక సాయంత్రం శ్యామల స్కూలునుంచి వస్తూనే ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. "ఏవండీ, నన్ను బుట్టాయగూడెం గురుకులానికి ప్రిన్సిపాల్‌గా వేశారు. వెళ్తే అక్కడే ఉండాలి. వద్దంటే మళ్లీ ఈ జన్మకి రాదు. నాకు వెళ్లాలనీ ఉంది, భయంగానూ ఉంది. మీరేమంటారు?"

"ఒక్క నిమిషం శ్యామలా. ఇది చివరిదాకా చూస్తే అన్నం ఇప్పుడే ఉడికిపోతుంది" అన్నాడు ఫణీంద్ర.

మోకాళ్ల మనిషి వెళ్లాక బంగారం తాకట్టు మనిషి వచ్చాడు. శ్యామల అతనిదీ అయ్యేదాకా కూచుని మళ్లీ అడిగింది. ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందామన్నాడు. ఆదివారం ఉచిత సామ్రాజ్యంలో ప్రత్యేక దండయాత్ర వచ్చింది, అది దాటితే ఏనుగు ఇస్తారు. ఆయన తల ఎత్తలేదు. శ్యామల పక్కన కుర్చీ వేసుకుని, ఫోను ఒకరికే కనిపించేంత ఉండడంతో కాసేపు ఆయన చెవి వైపు చూసి, లేచి వెళ్లిపోయింది. సోమవారం పొద్దున్న "కాఫీ ఉందా?" అని ఆయన అడిగితే, "చిత్తం ప్రభూ" అంది.

ఫణీంద్ర వెంటనే ఆట తెరిచి చూశాడు. అనుకున్నట్టే అయింది. ఉచితందాంట్లో సంధులూ రాయబారాలూ తీసేశారు. మంత్రికి మూడే మాటలు మిగిల్చారు. ఒకటి "చిత్తం ప్రభూ", ఒకటి "ఖజానా ఖాళీగా ఉంది ప్రభూ", ఇంకోటి "శత్రువులు వస్తున్నారు ప్రభూ". నిబంధన తన ఇంట్లో ఇంత సవ్యంగా అమలవుతున్నందుకు ఆయనకి కొంచెం తృప్తి కూడా కలిగింది.

మూడు మాటలతో సంసారం బాగానే నడిచింది. జీతం రోజులు దగ్గరపడితే ఖజానా సంగతి చెప్పేది. ఆయన చెల్లెలు వీధి మలుపులో కనిపిస్తే శత్రువుల సంగతి చెప్పేది. మిగతా అన్నిటికీ చిత్తం. పక్కింటావిడ వాళ్లాయనతో, "వాళ్లని చూసి నేర్చుకోండి. గోడ లేకపోయినా ఒక్క మాట బయటికి రాదు" అంది.

కానీ చెల్లెలితో సంధి చెడింది. సరిహద్దులో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేక, ఫణీంద్ర అలవాటు ప్రకారం దండెత్తాడు. పిల్లాడు హాస్టల్‌నుంచి ఫోన్ చేస్తే ఏం అడగాలో తెలియక భోంచేశావా అని రెండుసార్లు అడిగాడు. అన్నిటికంటే ఆ 'ప్రభూ' అన్న మాట ఆయన్ని బాధపెట్టింది. అదే మాట, అదే గొంతు, వెనక ఉండే నవ్వు మాత్రం లేదు. ఆ నవ్వు కోసమే తను ఇన్నాళ్లూ చక్రవర్తిగా ఉన్నానని ఆయనకి అప్పుడు తెలిసింది. తెలిసి భయం వేసింది. ఫోను పక్కన పెడదామా అనుకున్నాడు కూడా. ఇంతలో ఏనుగుకి మేత వేళయింది.

మంత్రికి కొత్త మాటలు కావాలంటే మాటల పెట్టెలు కొనాలి. పెట్టెలో ఏ మాట ఉందో తెరిస్తేగాని తెలీదు. ఒక్కో పెట్టె టిఫిను ఖరీదే గనక ఫణీంద్ర వాటిని డబ్బు కింద లెక్కెయ్యలేదు. అలా లెక్కెయ్యకుండా తొమ్మిదొందలు ఎప్పుడో దాటించేశాడు. ఫోనులో మంత్రి "వాతావరణం అనుకూలంగా ఉంది ప్రభూ" అంది, "ఏనుగులు కుశలం ప్రభూ" అంది. ఇంట్లో శ్యామల మాత్రం ఆ పాత మూడింటితోనే ఉంది. ఇంటిదాకా రావడానికి టైము పడుతుంది కాబోలు అనుకున్నాడు.

జ్యేష్ఠం చివర్లో శ్యామల బుట్టాయగూడెం వెళ్లడానికి బట్టలు సర్దుకుంది. ఫణీంద్ర సూట్‌కేసు మోసుకుని బస్టాండుకి వెళ్లాడు. మంత్రిని రాయబారం పంపుతున్నట్టు ఉందని నవ్వబోయి, రాయబారాలు తీసేశారన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికెళ్లి, "ఎప్పుడొస్తావు?" అన్నాడు. శ్యామల ఆయనవంక చూసింది. మూడు మాటల్లో ఏదీ దానికి జవాబు కాదు. బస్సు కదిలింది.

ఆషాఢం మొదటిరోజు బట్టల కొట్లముందు జనం తోసుకుంటూ ఉంటే, వాళ్లని దాటుకుంటూ ఫణీంద్ర మార్పిళ్ల కార్యాలయానికి వెళ్లాడు. పూర్తి డబ్బు జేబులో ఉంది. తగ్గింపు అడగకూడదనుకున్నాడు. జన్మలో ఆయన బేరం లేకుండా ఒక వస్తువు అడగడం అదే మొదలు.

"అసలుది ఇవ్వండి రాజు గారూ. మాట్లాడే మంత్రి ఉన్నది."

"అది తీసేశారండి" అన్నారు రాజు గారు. "కొనేవాళ్లు లేరండి. చేసినవాళ్లు పాపం వేరే పనిలోకి వెళ్లిపోయారండి."

"అంత మంచిదాన్ని ఎలా తీసేస్తారండి? అందరూ మెచ్చుకున్నారు కదా."

"ఆయ్, మెచ్చుకున్నది ఊరంతానండి. కొన్నది నలుగురండి. తమరు కూడా మెచ్చుకున్నారండి. 'చాలా బాగుంది, రేటు ఎక్కువ' అని అభిప్రాయం రాశారు. ఆడకుండానేనండి." ఆయన గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. "ఆషాఢం తగ్గింపు మాటల పెట్టెలమీద ఉందండి. సగానికి సగం."

ఫణీంద్రకి ఏడుపొచ్చింది. బల్ల అంచు పట్టుకుని, పెట్టెలు వద్దనీ, ఎంతైనా ఇస్తాననీ, తన భార్యకి మిగతా మాటలు తిరిగి ఇప్పించమనీ అడిగాడు. రాజు గారు ఆయన్ని కూచోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. తర్వాత రిజిస్టరు తెరిచి, బొండాడవారి ఇంటికి వర్తింపజేసిన తగ్గింపులన్నీ ఓపిగ్గా చదివారు. గోడ, అక్షరాలు, బల్లమీద నీడ, అన్నం.

"మంత్రి లేరండి ఇందులో" అన్నారు.

"తీసేశారు కదండీ. మూడే మాటలు ఉంచారు."

"ఆటలో తీశారండి. ఇంట్లో తియ్యలేదు. నిబంధన మనుషులకి వర్తించదండి, సామాన్లకీ గోడలకీ మాత్రమే. మేడం గారికి అన్ని మాటలూ ఉన్నాయండి. ఒక్కటి కూడా మేం ముట్టుకోలేదు."

శ్యామల కుర్చీ లాక్కుని కూచున్న సాయంత్రం, మళ్లీ అడగడం, ఆదివారం లేచి వెళ్లడం ఫణీంద్రకి వరసగా గుర్తొచ్చాయి. జేబులో ఫోను ఉంది. ఆవిడ నంబరు అందులోనే ఉంది. బుట్టాయగూడెం ఎంతో దూరం కూడా కాదు, మధ్యాహ్నం బస్సుంది. అడిగితే ఆవిడ చెబుతుంది. చెబితే వినాలి, పూర్తిగా, మధ్యలో దేన్నీ దాటెయ్యకుండా. ఆయనకి ఒళ్లంతా నీరసం కమ్మింది.

"రాజు గారూ, వర్తింపజేసినట్టు రాసెయ్యండి" అన్నాడు మెల్లిగా.

"మేడం గారికాండి?"

"ఆవిడకే. నిబంధన ప్రకారం మూడు మాటలు తప్ప మిగతావి తీసేశారని. ఇంట్లో పెట్టుకుంటాను."

రాజు గారు ఆశ్చర్యపోలేదు. కలం మూత తీస్తూ, "చాలామంది రాయించుకుంటున్నారండి ఈమధ్య" అన్నారు. "దీనికి రుసుం లేదండి, ఉచితమే."

ఉచితం అన్న మాట చెవిన పడగానే ఫణీంద్ర మనసు కుదుటపడింది. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, వచ్చే ఆషాఢంలో కనిపిస్తానని చెప్పి లేచాడు. ఆయన వెనక వరసలో చేతిసంచీతో నిలబడ్డావిడ ముందుకొచ్చి, వాళ్లాయనకి కూడా అలాంటిదే ఒకటి కావాలంది.

"ఆయన ఆడే ఆట పేరేంటండి?" అన్నారు రాజు గారు.

"ఆయన ఆటలేవీ ఆడరండి."

రాజు గారు ఆట పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి, ముద్ర వేసి ఇచ్చారు.