ఈ ఆప్యాయత మీకు అందిస్తున్నవారు

మా క్వార్టర్స్ గేటు ఎదురుగా ఒకనాడు పెద్ద బోర్డు వెలిసింది. దాని సారాంశం ఇది: పొట్ట చేతబట్టుకుని దేశం కాని దేశం వచ్చిన కార్మిక సోదరులందరికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట మీ కుటుంబాలను ప్రేమించే బాధ్యతను మా ఫోను కంపెనీ స్వీకరించింది. కావున మీరు నిశ్చింతగా పనిలోకి వెళ్ళగలరు.

చదివి మా కళ్ళు చెమర్చాయి. ఈ దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మమ్మల్ని సోదరులారా అని పిలిచింది ఆ బోర్డు ఒక్కటే మరి.

బోర్డు రంగు నీలం. మర్నాటికల్లా పక్కనే ఎర్ర బోర్డు లేచింది. మీ కుటుంబాలను మేము అంతకంటే ఎక్కువ ప్రేమిస్తాం అని అందులో ఉంది. ఆ విధంగా మా మీద ప్రేమకు పోటీ మొదలైంది. కంపెనీలకు అసలు పేర్లు లేకపోలేదు గానీ పలకబోతే మాకు నోరు తిరగదు. అందుకని ఒకటి నీలం కంపెనీ, ఒకటి ఎర్ర కంపెనీ. ఆ మాటకొస్తే మా పేర్లకి వాళ్ళకీ నోరు తిరగదు, ఎవరికీ నష్టం లేదు.

గేటు దగ్గర రెండు గొడుగులు పాతారు. నీలం గొడుగు కింద అమ్మకాలాయన మమ్మల్ని అన్నా అన్నాడు. ఎర్ర గొడుగు కిందాయన ఒక మెట్టు పైకెక్కి బావా అన్నాడు. అన్నా అన్నందుకు ఆ సిమ్మూ, బావా అన్నందుకు ఈ సిమ్మూ తీసుకున్నాం. పిలిచినవాణ్ణి నొప్పించడం మన ఇంటా వంటా లేదు కదా. సిమ్ముతో పాటు బనియన్లు పంచారు. సైటులో సగం నీలం, సగం ఎరుపు అయింది. ఎర్ర బనియను మేస్త్రి కలిపిన మాలుతో గోడ కట్టేది లేదని నీలం బనియను మేస్త్రి భీష్మించుకు కూర్చున్నాడు. నేను ఆ సైటులో స్టోర్ కీపర్ని కాబట్టి, రెండు రంగులకీ వేరువేరుగా తాపీలు ఇచ్చే భారం నామీద పడింది. చివరికి సేఫ్టీ ఆఫీసరుగారు స్వయంగా విచ్చేసి రాజీ కుదిర్చి, రెండు కంపెనీల టోపీలూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయారు.

వీడియో కాల్ మాత్రం ఇక్కడ చెల్లదు. ఎందుకు చెల్లదని అడిగితే మా భద్రత కోసమన్నారు. మా పెళ్ళాంపిల్లల మొహాలు అంత ప్రమాదకరమని అప్పటిదాకా మాకు తెలియదు.

ప్రేమ ముదిరి పాకాన పడ్డాక, నీలం కంపెనీ ఇంటికి ఫోను ఉచితం అని ప్రకటించింది. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. చిన్న షరతల్లా, మాట మొదలయ్యే ముందు ఒకసారి, ఆ తర్వాత మధ్యమధ్యన, ఒక ఆత్మీయ సందేశం రెండువైపులా వినపడుతుంది. అది కూడా శుభ్రమైన తెలుగులో, మేం పెట్టుకున్న పేరుతోనే. కొత్త దుప్పటంత మెత్తని మగగొంతు. 'బంగారుతల్లీ, అన్నం తిన్నావా? నీకేం తీసుకురాను? ఏడవకు, నేనున్నానుగా. ఈ ఆప్యాయత మీకు అందిస్తున్నవారు నీలం కంపెనీ.' ఎర్ర కంపెనీ ఊరుకుంటుందా? తనూ ఉచితం అంది, తన సందేశాన్ని ఇంకా పొడుగు చేసింది. పొడుగు ఎక్కువైనకొద్దీ మా వాళ్ళు కంపెనీల ఉదారబుద్ధిని అంత మెచ్చుకున్నారు.

ఇక మా గదిలో ఉండే టైల్స్ మేస్త్రి సంగతి చెప్పాలి. ఆయన విమానం ఎక్కాక ఇంటిదగ్గర కూతురు పుట్టింది. మాటలు నేర్చే వయసు వచ్చినా ఆయన ఇంకా ఆ పిల్లను ఎత్తుకున్నది లేదు. ఆ పిల్ల నోట నాన్నా అని పిలిపించుకోవాలి, అదొక్కటే ఆయన కోరిక. పొద్దస్తమానం టైల్స్ కోసే మిషను పక్కన ఉండి ఉండి చెవులు దిబ్బడేసి, మామూలు మాట కూడా అరిచి చెప్పడం ఆయనకి అలవాటైపోయింది. ఉప్పు అందించమంటే పక్క బిల్డింగువాళ్ళు అందిస్తారు.

ఒక సెలవురోజు గదిలో అందరం ఉండగా ఆయన ఇంటికి ఫోను చేశాడు. చెవులు అలాంటివి కాబట్టి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు, ఆయన కాపురం మా అందరికీ తెలిసిన విషయమే.

"ఏవండీ, పాప ఇవాళ నాన్నా అందండీ!" అంది వాళ్ళావిడ.

మేస్త్రి ఎగిరి గంతేశాడు, పై మంచం తలకి తగిలింది. అయినా లెక్కచేయక గది మొత్తానికి టీలు తెప్పించాడు. టీలు సగం తాగాక, అసలు సంగతి అడగలేదని గుర్తొచ్చింది.

"ఎప్పుడంది? ఎలా అంది?"

"మీ ఫోను రాగానే ముందు మాట్లాడతాడు చూడండీ, అన్నం తిన్నావా అని... ఆయన్ని అంది."

గదిలో టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"మరి నేనో?" అని అరిచాడు మేస్త్రి.

"అదిగో, అలా అరుస్తారనే! మీరు లైనులోకి వస్తే నాన్న వెళ్ళిపోయాడని ఏడుస్తోందండీ. మీ ఫొటో చూపించి ఈయనమ్మా నాన్న అంటే, ఫొటోని చెవికి ఆనించుకుని విని, పలకట్లేదు, కాదు అంది. నేనేం చెయ్యను చెప్పండి."

నిష్పక్షపాతంగా ఆలోచిస్తే పాప తప్పు ఇందులో ఏమీ లేదు. ఒకాయన రోజూ వేళకి వచ్చి, గొంతు పెంచకుండా, అన్నం తిన్నావా అంటున్నాడు. ఇంకొకాయన వచ్చి, వినపడుతోందా, వినపడుతోందా అని అరుస్తున్నాడు. ఇద్దరిలో నాన్న ఎవరు అంటే మీరైనా ఏమంటారు?

మేస్త్రి నీలం కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. తోడు నేనూ వెళ్ళాను. అద్దాల గది, చల్లగాలి, తెల్లచొక్కా మేనేజరుగారు. ఆయన మన భాషవాడే. విషయం విని లేచి నిలబడి మేస్త్రితో కరచాలనం చేశారు.

"సోదరా, మీ ఇంట్లో మీ స్థానాన్ని భర్తీ చేసే అవకాశం మా సంస్థకు కల్పించినందుకు కృతజ్ఞతలు. దూరాన్ని జయించాలన్నది మా ఆశయం. మీ పాప విషయంలో అది సంపూర్ణంగా నెరవేరింది. మీరు లేని లోటు ఆ పసిహృదయానికి తెలియడం లేదంటే, అది మా సేవకు దక్కిన అత్యున్నత పురస్కారం!"

"అయ్యా, ఆ గొంతు తీసేయండి. నా కూతురితో నన్ను మాట్లాడుకోనివ్వండి," అన్నాడు మేస్త్రి. అరిచాడనే చెప్పాలి, అద్దాలు అదిరాయి.

సందేశం లేని పథకం ఒకటి ఉందనీ, అది ఈ దేశస్థులకు మాత్రమేననీ మేనేజరుగారు విచారం వెలిబుచ్చారు. వాళ్ళు సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతారు కాబట్టి వాళ్ళకి ఆప్యాయత అంతగా అవసరం పడదట. తర్వాత మేస్త్రికి 'ఆదర్శ ప్రవాసి తండ్రి' అని రాసిన శాలువా కప్పి ఫొటో తీయించారు. ఫొటోలో మేస్త్రి ఏడుస్తున్నాడు. ఆనందబాష్పాలు అని కింద రాశారు.

పంతం పట్టి మేస్త్రి ఎర్ర సిమ్ములోంచి ఫోను చేయడం మొదలుపెట్టాడు. పాప ఎర్ర గొంతును శ్రద్ధగా విని, "బాబాయ్, ఫోను నాన్నకివ్వు" అంది. ఈ మాట ఆనోటా ఈనోటా పడి ఎర్ర గొడుగు దాకా, అక్కడినుంచి పై ఆఫీసుదాకా పోయింది. వాళ్ళని నాన్న అని, మనల్ని బాబాయ్ అనడమేమిటని ఎర్ర కంపెనీలో అత్యవసర సమావేశం పెట్టారు. ఆప్యాయతా విభాగం అధిపతిని ఉద్యోగంలోంచి తీసేశారు. కొత్తాయన వచ్చి, వినియోగదారుల హృదయాల్లో బాబాయ్ స్థాయి నుండి తండ్రి స్థాయికి ఎదగడమే ఈ ఏటి లక్ష్యమని ప్రకటించి, సందేశాన్ని రెట్టింపు చేశాడు. మేస్త్రి మాట్లాడుకోవడానికి ఆ సందుల్లో మిగిలింది, ఉంటానమ్మా అనేంత వ్యవధి మాత్రమే.

ఎట్టకేలకు ఆయనకి సెలవు దొరికింది. మేమంతా కలిసి పాపకి బొమ్మలు కొనిచ్చాం. వెళ్ళిన మర్నాడే ఫోను చేస్తానన్న మనిషి ఎంతకీ చేయలేదు. చివరికి మేమే నీలం సిమ్ములోంచి వాళ్ళింటికి ఫోను చేశాం, ఆయన గొంతు గుర్తుపట్టలేదు. అంత మెల్లగా మాట్లాడాడు.

గుమ్మంలో ఆయన్ని చూసి పాప తల్లి వెనక నక్కిందట. ఈయనేనమ్మా నాన్న అంటే, "కాదు, నాన్న ఫోన్లో ఉంటాడు" అందట. బొమ్మలు తీసుకుంది, దగ్గరికి మాత్రం రాలేదు. ఎత్తుకోబోతే గుక్కపెట్టింది. మేస్త్రి ఇంట్లో చుట్టంలా ఒక మూల కూర్చుని, తన అన్నం తను తిని, కంచం తను కడుక్కుని రోజులు గడిపాడు. ఇక తట్టుకోలేక ఒక మధ్యాహ్నం తలుపు చాటున గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, గొంతు చంపుకుని మొదలుపెట్టాడు. "బంగారుతల్లీ, అన్నం తిన్నావా? నీకేం తీసుకురాను? ఏడవకు, నేనున్నానుగా."

పాప ఆడుకుంటున్నదల్లా ఆగింది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంకా నిలబడే ఉంది.

"ఇంకా ఉందిగా. నీలం చెప్పు," అంది.

"ఈ ఆప్యాయత మీకు అందిస్తున్నవారు నీలం కంపెనీ," అన్నాడు మేస్త్రి.

"నాన్నా!" అంటూ వచ్చి మెడకి కరుచుకుందట. "ఇప్పుడు నా ఒళ్ళోంచి దిగట్లేదురా. ముద్దముద్దకీ కంపెనీ పేరు చెప్పాలి, మరిచిపోతే నోరు తెరవదు. పోనీలే, చెబుతున్నాను. నాన్నా అంటోందిరా, అది చాలు," అంటూ మేస్త్రి భోరుమన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫోన్లో సందేశం వచ్చిపడింది. ఎవరమూ ఫోను పెట్టేయలేదు. అన్నం తిన్నావా అని గొంతు మెత్తగా అడిగింది. పై మంచం మీద పడుకున్న పెయింటరు "తిన్నాను" అన్నాడు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

గేటు ఎదుటి నీలం బోర్డు మీద ఇప్పుడు మేస్త్రి ఫొటో ఉంది, ఆ శాలువాదే. తండ్రీకూతుళ్ళను కలిపింది మేమే అని రాశారు. అబద్ధమని అనడానికి లేదు.

వచ్చే నెల నాకు సెలవు. మా ఇంటికి నేను మొదట్నుంచీ చేసేది ఎర్ర సిమ్ములోంచే, దాని సందేశం బారెడు. పొద్దున్నే స్నానాల గదిలో కుళాయి విప్పి సాధన చేస్తున్నాను. తలుపు తీసేసరికి బయట బకెట్లతో వరస ఉంటుంది. అందరి పెదవులూ కదులుతూ ఉంటాయి.

మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి, పరవాలేదు. మీరు ఏ దేశమూ పోలేదు, ఏ సిమ్మూ మార్చలేదు, మీ పిల్ల పక్కగదిలోనే అన్నం తింటోంది. ఒక్కసారి లేచి వెళ్ళి, దాని ఎదురుగా మోగుతున్న ఫోను తీసేసి, అన్నం తిన్నావా అని మీ గొంతుతో అడిగి చూడండి. ఎవరికోసం ఏడుస్తుందో మాకూ కాస్త కబురు చేయండి.