చైర్మన్ గారి ఫోటో వివరణ

చూపులేని పాఠకుల కోసం స్కాన్ చేసిన పుస్తకాలను దిద్దే పని ఇకమీదట తన ప్రత్యక్ష పర్యవేక్షణలో జరుగుతుందని జిల్లా డిజిటల్ పఠన అభ్యున్నతి మండలి చైర్మన్ పద్మనాభయ్య గారు కావలిలో ప్రకటించారు. ఇన్నాళ్లూ ఆ పని ఎవరి పర్యవేక్షణా లేకుండా జరిగిపోతున్నందుకు విచారం కూడా వెలిబుచ్చారు.

జరిగిపోతున్నది ఒక టైలరింగ్ షాపు మేడ మీది గదిలో. షాపు సాహిరాది. మధ్యాహ్నం మిషన్లు ఆపేసి ఆమె, ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన సమాధానం గారు కంప్యూటర్ ముందు కూర్చునేవారు. స్కాన్ చేసిన పేజీలో అక్షరాలను కంప్యూటర్ తనకు తోచినట్టు చదువుకుంటుంది. సాహిరా అసలు పేజీతో పోల్చి దిద్దుతుంది. ఆయన మళ్లీ చూసి సరే అంటారు. అప్పుడది మాట్లాడే పుస్తకమవుతుంది. జీతం లేదు, టీ ఖర్చు సాహిరాదే.

ఇప్పుడు చేతిలో ఉన్నది పిల్లల మనస్తత్వం మీద పాఠ్యపుస్తకం. నూట ఎనభై పేజీల్లో నూట అరవై అయిపోయాయి. మిగిలిన ఇరవై కోసం తోటపల్లి గూడూరులో కరుణాకుమారి కాచుకుని ఉంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఆదివారం టీచరు ఉద్యోగం పరీక్ష. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరిసారి.

"ఆ ఇరవై పేజీల్లోంచే ఎక్కువ అడుగుతారంటక్కా. బుధవారానికి ఇస్తావా?" అని ఫోన్ చేసింది.

"ఇచ్చేస్తాలేమ్మా. మాటంటే మాటే," అంది సాహిరా.

మర్నాడే చైర్మన్ గారి కుడిభుజం చిన్నపోలయ్య ఆయన ఫోటో ఒకటి తెచ్చాడు. ప్రతి పేజీ పైనా అన్న ఫోటో ఉండాలన్నాడు.

"చూపులేనోళ్ల పుస్తకం కదన్నా. ఫోటో ఎందుకు?"

"వాళ్లకి కనపడకపోతే అన్న లేనట్టా?"

ఇంత లోతైన ప్రశ్న విన్నాక సాహిరా ఫోటో అందుకుంది. అయితే సాఫ్ట్‌వేర్‌కు ఒక పద్ధతి ఉంది. పేజీలో బొమ్మ పెడితే, అందులో ఏముందో పక్కనున్న గడిలో మాటల్లో రాయాలి. లేకపోతే పేజీ ముందుకు కదలదు. సమాధానం గారు వృత్తిధర్మం తప్పకుండా రాశారు: "తెల్లచొక్కా మనిషి. చెయ్యి ఎత్తి ఉన్నాడు."

"అన్న గొప్పతనం యాడ?" అన్నాడు చిన్నపోలయ్య.

"కనపడిందే రాయాలబ్బయ్యా. అది రూలు."

"గొప్పతనం కనపళ్లేదా? ఒకసారి కళ్లు చూపించుకో పెద్దాయనా."

చైర్మన్ గారు విశాల హృదయంతో కల్పించుకున్నారు. ఒకే వివరణ నూట ఎనభై సార్లు వింటే పాఠకులకు విసుగు రాదా? అందుకని పేజీకొకటి కొత్తది రాయాలి. ఒక్కోటీ నలభై లైన్లకు తగ్గకూడదు. పాఠం దిద్దేవాళ్లు పొరపాటున ఫోటోను కదిలిస్తారేమోనని పేజీలన్నిటికీ తాళం వేయించి, పాస్‌వర్డ్ చిన్నపోలయ్య జేబులో పెట్టించారు. వివరణ గడి ఒక్కటే తెరిచి ఉంచారు. బుధవారం ప్రారంభోత్సవంలో స్వయంగా మీట నొక్కి పుస్తకం విడుదల చేస్తామన్నారు.

"ఆఖరి ఇరవై పేజీలు దిద్దలేదు సార్. ఆదివారం ఒకమ్మాయికి పరీక్ష ఉండాది."

"అవి రెండో విడతలో చూస్తాం తల్లీ," అన్నారాయన ఆప్యాయంగా. "దానికీ నేనే వస్తా."

సాహిరా ఆ కబురు తోటపల్లి గూడూరుకు చేరవేసింది. పోనీ ఫోన్‌లో చదివి వినిపిస్తానంటే కరుణాకుమారి ఒప్పుకోలేదు. "మిషన్‌ని లైను లైనుకీ వెనక్కి తిప్పి పదిసార్లు వింటానక్కా. నిన్ను తిప్పలేను గదా," అంది.

వివరణలు మొదలయ్యాయి. ధీరోదాత్తుడు, ఆపద్బాంధవుడు, అభివృద్ధి ప్రదాత అన్నీ అరవయ్యో పేజీకే అయిపోయాయి. నూట పదో పేజీలో చొక్కా గుండీలను ఒక్కొక్కటిగా వర్ణించారు. చిన్నపోలయ్య ఏదీ చదివేవాడు కాదు. వేలితో తెరను జరిపి పొడుగు చూసేవాడు. "పెద్దగానే ఉండాది. ఓకే."

నూట అరవై ఒకటో పేజీ దగ్గర సాహిరా చేతులు ఆగాయి. ఒక పక్క తాళం పడిన పాఠం. చదువుకోవచ్చు, దిద్దడానికి లేదు. ఇంకో పక్క ఖాళీ గడి.

"ఈ గడిలో ఎంతైనా పడుతుందా పెద్దాయనా?"

సమాధానం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై లైన్లకు తగ్గకూడదన్నారు. పాఠం పేజీకి నలభై రెండు."

ఆమె పాఠాన్ని గడిలో టైపు చేసింది. ఆయన ఎప్పట్లాగే అసలు పేజీతో పోల్చి దిద్దారు. ఇరవై పేజీలూ అంతే. చిన్నపోలయ్య వేలితో జరిపి, అన్నిటికీ ఓకే అన్నాడు. ఆ సాయంత్రం సాహిరా కరుణాకుమారికి ఫోన్ చేసి ఒకే ఒక్క మాట చెప్పింది: "ఫోటో వివరణలు దాటేయబాక."

బుధవారం చైర్మన్ గారు మీట నొక్కారు. చూపులేని పాఠకుల తరఫున పిలిపించిన కరుణాకుమారిని వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఇష్టమైన పేజీ వినమన్నారు. ఆమె నూట అరవై ఒకటి అంది. మైకులో కంప్యూటర్ గొంతు మొదలైంది.

"చైర్మన్ గారి ఫోటో వివరణ. ఈ దశలో శిశువు లోకమంతా తన చుట్టూనే తిరుగుతోందని నమ్ముతాడు. ఎదుటివారికి వేరే అవసరాలుంటాయని అతనికి తోచదు. బొమ్మ ఎవరిదైనా తనదే అంటాడు. చప్పట్లు కొడితే, చేసిన పనే మళ్లీ చేస్తాడు."

జనం చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు లేచి చెయ్యి ఎత్తారు. మళ్లీ కొట్టారు. మళ్లీ ఎత్తారు.

సమాధానం గారు చెప్పుల వైపు చూసుకుంటున్నారు. కరుణాకుమారి మాత్రం తల వంచుకుని చుక్కల లిపిలో చకచకా రాసుకుంటోంది.

"చూడండయ్యా, నా గురించి ఎంత శ్రద్ధగా రాసుకుంటుండాదో!" చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "మనసు తెల్లగా ఉండేవాణ్ణే శిశువంటారు. దీంట్లో ఒక్క అక్షరం మార్చబాకండి."

మార్చలేదు. ఆదివారం పొద్దున నెల్లూరులో పరీక్ష కేంద్రం గేటు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. పైన అభ్యర్థులకు శుభాకాంక్షలు, మధ్యలో చెయ్యెత్తిన చైర్మన్ గారు, కింద ఆ వివరణ పొల్లుపోకుండా. లోపలికి వెళ్లేముందు అభ్యర్థులు గుమిగూడి దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకున్నారు. ఆ ఆదరణను చిన్నపోలయ్య వీడియో తీసి అన్నకు పంపించాడు.

మధ్యాహ్నం కరుణాకుమారి ఫోన్ చేసింది.

"అక్కా, చైర్మన్ గారి మీద మూడు ప్రశ్నలొచ్చినాయి. మూడూ రాసేసినా."