సుబ్బులు కేకకు స్వరశుద్ధి

మానవుడి గొంతు పుట్టుకతోనే లోపాలమయమని, దాన్ని సరిచేయించుకోకుండా బహిరంగంగా వాడటం తోటి పౌరులకు ఇబ్బందికరమని పాటలు విడుదల చేసే ‘గానసేతు’ యాప్ వారు నిర్ధారించారు. ఇంతకాలం ఆ గొంతులతోనే మనం పాలవాణ్ణి పిలిచాం, పక్కింటివాళ్లతో పోట్లాడాం, పిల్లల్ని జోకొట్టాం. ఎవరూ పట్టుకోలేదు, మన అదృష్టం.

తెనాలిలో నేను అద్దెకుంటున్న ఇంటి మేడమీద, ఓనరు శేషారత్నంగారి అబ్బాయి హేమంత్ కంప్యూటర్లో పాటలు చేస్తాడు. వాద్యాలన్నీ అదే వాయిస్తుంది. శబ్దం బయటికి పోకుండా ఇంట్లో ఉన్న పరుపులన్నీ గోడలకు బిగించాడు. (చుట్టాలొస్తే ఒక గోడ విప్పి పక్క వేస్తారు. ఆ వారం చేసిన పాటల్లో కాస్త ప్రతిధ్వని ఉంటుంది.)

గొంతు మాత్రం అతిథి గాయనిది కావాలి. ఈ రకం పాటల్లో అది ఆచారం. పాట చేసినవాడు పాడడు, పాడేవాళ్లు చుట్టపుచూపుగా వచ్చి పోతారు. హేమంత్ బాపట్లలో మేనత్త సుగుణమ్మగారింటికి వెళ్లినప్పుడు, వీధిలో చేపలమ్మే వెంకటసుబ్బులు కేక విని టిఫిన్ మధ్యలో లేచి ఆవిడ వెంటపడ్డాడు. సూర్యలంక నుంచి గంప తెచ్చుకునే ఆ మనిషి ముందు నవ్వింది. తర్వాత ఒకే ఒక్క షరతు పెట్టింది.

"మా వీధుల్లో ఈ పాట ఇన్నోళ్లు ‘ఇది మన సుబ్బులే’ అనాల బాబూ. అనకపోతే నాకెందుకిది?"

హేమంత్ ఒట్టేశాడు.

ఆవిడ ప్యాసింజర్ బండిలో వచ్చి, పరుపుల మధ్య నిలబడి, "చందువాలమ్మా... కానాగంతలూ..." అని ఎత్తుకుంది. పరుపులు ఆపలేకపోయాయి. శేషారత్నంగారు వంటింట్లోంచి గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఇరుగుపొరుగు గిన్నెలతో గేటు దగ్గర చేరారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

పాటను యాప్ తిప్పి పంపింది. గొంతులో గాలి ఉంది, ఉప్పు ఉంది, చివర్లో సాగదీత అనుమతించిన మేర దాటింది అన్నది అభ్యంతరం. హేమంత్ ఆటోట్యూన్ పెట్టాడు. శ్రుతి పక్కకు జరిగిన చోటల్లా గొంతును రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టే ఏర్పాటు అది. సాగదీత పోయింది. రోబో ఎఫెక్టు వేశాడు, ఉప్పు పోయింది. ఆకాశంలోంచి పాడుతున్నట్టు ఇంకేదో వేశాడు. దాంతో సుబ్బులే పోయిందేమోనని నాకనిపించింది గాని, అద్దెకున్నవాణ్ణి, ఊరుకున్నాను.

యాప్ వెంటనే ఆమోదించింది. ఇక మిగిలింది చిన్న లాంఛనం. గాయని వీడియోకాల్లో పాడి, తన గొంతు తనదేనని రుజువు చేసుకోవాలి. యాప్ తరఫున ఉప స్వర పరిశీలకులు మోహనకృష్ణగారు తెర మీదికి వచ్చారు. సుబ్బులు పాడింది.

"సరిపోలేదండి," అన్నారాయన. "పాటలో ఉన్న ఆవిణ్ణి పిలవండి."

"నేనే కదయ్యా."

"మీరు మీరేనండి, కాదన్లేదు. గొంతే మీది కాదు."

"మరెవరిదంట?"

"ఆ వివరాలు బయటివాళ్లకి చెప్పకూడదండి."

హేమంత్‌కి సిగ్గేసింది. పాట వెనక్కి తీసుకుంటానన్నాడు. అందుకు గాయని సమ్మతి ఉండాలన్నారు. (ఏ గాయని అని అడక్కండి, ఆ వివరాలు బయటివాళ్లకి చెప్పరు.)

పాట విడుదలైంది. గాయని పేరు ఉండాల్సిన చోట ‘గుర్తింపు పెండింగ్’ అని వేశారు. రేపల్లె నుంచి చీరాల దాకా ఆటో ఎక్కితే అదే పాట. మా వీధిలో పిల్లలు ముక్కు మూసుకుని ఆ రోబో గొంతుతో చందువాలు అమ్ముతున్నారు.

కొన్నాళ్లకు యాప్ ఇంకో ఘోరం కనిపెట్టింది. బాపట్ల వీధుల్లో ఎవరో ఆడమనిషి, హిట్టయిన పాటలోని పిలుపును నాసిగా అనుకరిస్తూ వ్యాపారం చేస్తోందట. సుబ్బులుకు నోరెత్తొద్దని హెచ్చరిక వెళ్లింది. చేపలమ్మే మనిషి నోరెత్తకపోతే సాయంత్రానికి గంప కంపు కొడుతుంది. హేమంత్ బతిమాలితే మోహనకృష్ణగారు కరిగారు. ఎంతైనా మనసున్న మనిషి. జీవనోపాధి కోటాలో మినహాయింపు ఇచ్చారు. ముందు తన గొంతు నకలని ప్రకటించి, ఆ తర్వాత ఎంతైనా అరుచుకోవచ్చు.

ఆవిడకు క్షమాపణ చెబుదామని హేమంత్ బాపట్ల వెళుతుంటే నేనూ తోడెళ్లాను. సుగుణమ్మగారి అరుగు మీద కూర్చున్నాం. వీధి మలుపులోంచి కేక వినిపించింది.

"గొంతు నకలమ్మా... చేపలు అసలువే..."

అదే గాలి, అదే ఉప్పు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. హేమంత్ లేచి నిలబడ్డాడు.

లోపల్నుంచి సుగుణమ్మగారు గిన్నెతో వచ్చారు. రెండో చేతిలో ఫోను, ఫోనులో ఆ పాటే. ఏళ్ల తరబడి సుబ్బులు దగ్గరే కొంటున్న మనిషి. సుబ్బులు గంప దించింది. సుగుణమ్మగారు ఓ చందువా తీసి, మొప్ప ఎత్తి చూసి, ధర అడిగారు. సుబ్బులు చెప్పింది.

"గొంతే నకలైనప్పుడు, రేటు మాత్రం అసలుది చెబుతావేంటే సుబ్బులూ?" అన్నారు సుగుణమ్మగారు.