సున్నా లీకేజీల మండలి

రాష్ట్రంలో ఇకమీదట ఎక్కడా గ్యాసు లీకు కాబోదని చమురు, సహజవాయు నియంత్రణ మండలి ఛైర్మన్ గంగాధరరావుగారు ఏలూరులో ప్రకటించారు. అందుకు మా మైకే వాడారు. నాది ఏలూరులో టెంట్‌హౌస్. ఎందరో పెద్దలు నా మైకు ముందు మాట్లాడారు గానీ, గ్యాసుకే నేరుగా ఆజ్ఞ జారీ చేసినవారిని చూడడం అదే మొదలు.

ఆయన కనిపెట్టిన పద్ధతి చాలా సులువు. పూర్వం మండలి ఇన్‌స్పెక్టర్లు పైపులైన్ల వెంట నడిచి, లీకు కనబడితే రాసేవారు. వాళ్ళు రాయబట్టే లీకులు పెరిగిపోయాయి. గంగాధరరావుగారు వచ్చీరాగానే నడక మాన్పించి ‘సెల్ఫ్ సర్టిఫికేషన్’ పెట్టారు. ఏ కంపెనీ పైపు ఆ కంపెనీయే చూసుకుని, భేషుగ్గా ఉందని రాసిస్తుంది. మండలి నమ్ముతుంది. ఆ ఏడాదే లీకులు సున్నాకి దిగాయి.

సభంతా చప్పట్లు కొడుతుండగా వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ఆవిడ పేరు జీవరత్నం. కొల్లేటి అంచున పరజలంకలో ఆమెకీ, ఆమె భర్త క్రీస్తుదాసుకీ ఒక చేపల చెరువుంది. ఆ చెరువు గట్టు కిందనుంచే ఒక కంపెనీవారి గ్యాసు పైపు పోతుంది.

“అయ్యగారూ, మా చెరువులో నీళ్ళు కుతకుతా ఉడికినట్టు బుడగలొస్తన్నాయండి. ఒకటే కిరసనాయిలు కంపు. చేపలన్నీ చచ్చి తేలిపోయాయండి. అగ్గిపుల్ల గియ్యాలంటే భయమేస్తందండి” అంది.

“ఎప్పట్నించమ్మా?” అన్నారు ఛైర్మన్‌గారు ఎంతో ఓపిగ్గా.

“పోయిన నెల నుంచండి.”

“అయితే లీకు కాదమ్మా. పోయిన నెలకి కంపెనీవారు సర్టిఫికెట్ ఇచ్చేశారు.”

“మరి బుడగలండీ?”

“బుడగలు నీళ్ళలో వస్తాయి. నీళ్ళు మా డిపార్టుమెంటు కాదు.”

ఇంకొకరైతే అక్కడితో కూర్చోబెట్టేసేవారు. ఈయన మాత్రం స్వయంగా వచ్చి చూస్తానని మాటిచ్చారు. అన్నట్టే వచ్చారు కూడా. కారు కంపెనీవారిది, భోజనాలు కంపెనీవారివి, షామియానా నాది. గ్యాసును పసిగట్టే మీటరు మండలి దగ్గర లేకపోతే, కంపెనీ పీఆర్వో గోపీచంద్‌గారే పట్టుకొచ్చారు.

గట్టు మీద మీటరు ఆన్ చేయగానే అది కీచుమని మొదలుపెట్టి ఆపలేదు.

“సెన్సిటివ్ మోడల్ అండి” అన్నారు గోపీచంద్‌గారు.

“ముందు దాన్ని ఆపండి, మాటలు వినబడడం లేదు” అన్నారు ఛైర్మన్‌గారు. గోపీచంద్‌గారు ఆపారు. గట్టంతా నిశ్శబ్దమైపోయింది. ఛైర్మన్‌గారు చెవి ఒగ్గి కాసేపు విని, “ఇప్పుడేమీ లేదుగా. రాసుకోండి” అన్నారు పీఏతో.

క్రీస్తుదాసు చెరువులోకి దిగి, చచ్చిన చేపల్ని గంపతో ఒడ్డుకి చేర్చి, ఆయనకి కనబడేలా పెట్టి పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కటీ మోచెయ్యంత శీలావతులు. ఛైర్మన్‌గారు జేబురుమాలు ముక్కుకి అడ్డంపెట్టుకుని వాటిని సానుభూతితో చూశారు. తరవాత భోజనాల దగ్గర, పులుసులో చేప ఆకివీడు నుంచి వచ్చిందని రూఢి చేసుకున్నాకే కూర్చున్నారు.

కొన్నాళ్ళకి జీవరత్నానికి మండలి నుంచి నోటీసొచ్చింది. పైపులో లీకు లేదు కాబట్టి, చెరువులో పుట్టేది చెరువు గ్యాసేనట. లైసెన్సు లేకుండా సహజవాయువు ఉత్పత్తి చేస్తున్నందుకు చెరువును ఎందుకు స్వాధీనం చేసుకోరాదో చెప్పాలట. భార్యాభర్తలిద్దరూ నోటీసు తీసుకుని మా కొట్టుకొచ్చారు.

“చేపలు పెంచుకుంటున్నాం గానీ గ్యాసు పెంచట్లేదండీ. ఉన్నదా చెరువొక్కటే. పట్టుకుపోతే ఏం తింటామండి?” అన్నాడు క్రీస్తుదాసు. ఆయన నోట నేను విన్న మొదటి మాటలవి.

పెద్దలతో పరిచయం ఉంది కదా అని నేనే వాళ్ళని ఛైర్మన్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లేచి మరీ ఆహ్వానించారు. జీవరత్నం ఇప్పుడు గ్యాసు ఉత్పత్తిదారు కదా, ఉత్పత్తిదారులంటే ఆయనకి అంత గౌరవం.

“లైసెన్సు తీసుకోమ్మా, ఏ బాధా ఉండదు” అన్నారు.

“తీసుకుంటే, ఆ సర్టిఫికెట్ నేనే రాసిచ్చుకోవచ్చాండి?”

“నిరభ్యంతరంగా.”

“అయితే లీకవుతుందనే రాసిస్తానండి.”

ఛైర్మన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అలా రాయడానికి ఫారంలో చోటు లేదమ్మా” అన్నారు.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆయనే మధ్యేమార్గం సెలవిచ్చారు. ప్రజల్లో అపోహలు తొలగాలి. కాబట్టి ఈసారి భద్రతా వారోత్సవాలు ఆ చెరువు గట్టు మీదే ప్రారంభిస్తారు. జీవరత్నం స్టేజీ ఎక్కి, భయమేమీ లేదని ఒక్క మాట చెప్పాలి. చెబితే నోటీసు వెనక్కి తీసుకుంటారు. ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన కింద గచ్చు వంక చూస్తున్నాడు. “అలాగేనండి” అంది.

ప్రారంభోత్సవం నాడు పరజలంక మొత్తం గట్టు మీదే ఉంది. షామియానా వేశాను, జనరేటరు పెట్టాను, అయిదొత్తుల ఇత్తడి దీపపు సెమ్మె స్టేజీ ముందుంచాను. వెనకాల చెరువు తన మానాన తాను బుడగలు వదులుతోంది. ఛైర్మన్‌గారు ‘జీరో లీకేజ్’ మీద అనర్గళంగా ఉపన్యసించాక జీవరత్నాన్ని పిలిచారు.

“భయమేం లేదండి. పెద్దలు చూసి చెప్పారు” అని ఆవిడ మైకులో ఒప్పగించింది. మాట తప్పలేదు. ఛైర్మన్‌గారు నోటీసు రద్దు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చారు.

“ఇప్పుడు ఛైర్మన్‌గారు జ్యోతి ప్రజ్వలన చేస్తారు” అని పీఏ ప్రకటించాడు. జీవరత్నం దగ్గర్లో ఉంది కనుక అగ్గిపెట్టె ఆవిడే అందించింది.

ఛైర్మన్‌గారు అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీశారు. పుల్లవంక చూశారు. చెరువు వంక చూశారు. గోపీచంద్‌గారి కోసం చూశారు. ఆయన ఫోను చెవికి పెట్టుకుని అప్పటికే గట్టు చివరిదాకా వెళ్ళిపోయారు, నడక ఇంకా ఆపలేదు.

“ఇలాంటి గౌరవం మహిళలకే దక్కాలి. నువ్వు వెలిగించమ్మా” అన్నారు ఛైర్మన్‌గారు.

“నావల్ల కాదండి. ఊరంతా ఇక్కడే ఉందండి” అంది జీవరత్నం నెమ్మదిగా. “తమరైతే సున్నా అన్నారు కదండీ. తమరే కానివ్వండి.”

ఛైర్మన్‌గారి నుదుటి మీది కుంకుమ చెమటకి కారింది. ఆయన పుల్లని జాగ్రత్తగా, దేనికీ రాసుకోకుండా, పెట్టెలో పెట్టి మూశారు. పర్యావరణ హితం దృష్ట్యా ఈ ఏడాది జ్యోతి వెలిగినట్టే భావించాలని కోరారు. మేం భావించి చప్పట్లు కొట్టాం. ఆయన నా చెవిలో, “ఆ జనరేటరు ఆపెయ్యవయ్యా” అన్నారు. ఆపేశాను.

డ్రైవరు కారెక్కి తాళం తిప్పబోతే, ఛైర్మన్‌గారు కిటికీలోంచి చెయ్యి దూర్చి గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నారు. తరవాత తాను వెనక సీట్లో కూర్చుని, తోయమని మాకు సైగ చేశారు. క్రీస్తుదాసు, నేను, ఊళ్ళో కుర్రాళ్ళు కలిసి గట్టు పొడుగునా తోసుకుంటూ వెళ్ళి, కారును తారురోడ్డు ఎక్కించాం. అక్కడ ఇంజను స్టార్టయింది. ఛైర్మన్‌గారు అద్దం దించి, ఇక ఏ భయమూ పెట్టుకోకుండా అందరూ ఇళ్ళకి వెళ్ళి హాయిగా పడుకోమన్నారు.