శుభ్రంగారి ఇంటి డబ్బా

హోటళ్ల వంటగదులు తనిఖీ చేసే ఆ ఇన్‌స్పెక్టరుకు జనం పెట్టిన పేరు శుభ్రంగారు. గ్లాసు చేతికిస్తే ముందు వెలుతురుకు పట్టి చూస్తారు, దాహం సంగతి తర్వాత. అలాంటాయనకు దూరపు ఊళ్లోని పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఎల్లుండి పొద్దున పదింటికి "ప్రయాణాల్లో కడుపు జాగ్రత్త" అని ప్రసంగించాలి. మెప్పిస్తే పెద్ద ఇన్‌స్పెక్టరు పదవి ఖాయం. ఆ పదవి కోసం పదహారేళ్లుగా ఆయన కళ్లు కాయలు కాశాయి.

దారిలో బయటి తిండి ముట్టకూడదని, బయల్దేరే రోజు పొద్దున్నే తనే అన్నం, కూర వండి, పొగలు కక్కుతుండగానే డబ్బాలో కుక్కి, మూత బిగించి, గుడ్డ మీద గుడ్డ చుట్టారు.

"సాయంత్రానికి అదేమవుతుందో!" అంది భార్య.

"మన చేత్తో వండింది మనల్నేం చేస్తుందే?"

"అది మీ చెయ్యి అని అన్నానికి తెలుసా పాపం?"

ఇద్దరూ ఎక్కిన బస్సు సాయంత్రం దారిలో ఆగింది. ఆవిడ దిగి, రోడ్డు పక్క తోపుడు బండి దగ్గర పెనం మీంచి తీసిన రొట్టెలు ఊదుకుంటూ తింది. ఆయన కిటికీలోంచి చూసి జాలిపడ్డారు. డబ్బా తెరిస్తే పుల్లటి వాసన కొట్టింది. గుడ్డదేమో అనుకుని, గుడ్డ అవతల పారేసి, అన్నం తిన్నారు.

తెల్లారేసరికి లాడ్జి గదిలో ఆయనకు పరుగులు మొదలయ్యాయి. ఐదు దాటాక లెక్క తప్పింది.

"నాకేం అర్థం కావట్లేదే! బండి దగ్గర తిన్నది నువ్వు, పరుగులు నాకేంటి?"

"అర్ధాంగిని కదా, మీ సగానికి తగిలిందేమో!"

నిజమేనేమోనని ఆయన కాసేపు ఆలోచించారు కూడా.

పదింటికి హాలు కిటకిటలాడింది. శుభ్రంగారు వేదికెక్కి "సోదరులారా" అని, అట్నుంచి అటే వెనక తలుపులోకి మాయమయ్యారు. పదహారేళ్ల ఆశ నీరుగారిపోయిందని లోపల కూర్చుని కుమిలిపోతుంటే, మైకులో భార్య గొంతు వినిపించింది.

"మావారు చెప్పాలనుకున్నది ఇంతేనండీ. కళ్లముందు వేడివేడిగా వండింది తినండి. పొద్దంతా మూసిపెట్టింది ఇంట్లోదైనా తినకండి. ఎందుకో ఆయనే లోపల నిరూపిస్తున్నారు."

చప్పట్లు మోగాయి. ఒక్క "సోదరులారా"కే ఇన్ని చప్పట్లా అని శుభ్రంగారు తెల్లబోయారు.

బయటికి రాగానే పెద్దాఫీసరు చెయ్యి పట్టుకున్నాడు. "పదవి మీకేనండీ! ఇక ఊరూరా ప్రసంగాలు పెడదాం. అమ్మగారు మాట్లాడతారు."

"మరి నేను?"

"పక్కన కూర్చోండి చాలు. మిమ్మల్ని చూస్తే జనం నమ్ముతారు."

దానికి శుభ్రంగారు అనాల్సింది చాలా ఉంది. కడుపు అంత వ్యవధి ఇవ్వలేదు.